వాయుపుత్రుడి జబ్బు

ప్రతి ఇంటికీ ఒక గుండెజబ్బు ఉండి తీరాలి!

తొందరపడి తిట్టకండి. కలరా ఉండాలన్నానా? మశూచి ఉండాలన్నానా? అవి ఎవరింటికి పడితే వాళ్ళింటికి దూరే అలగా జబ్బులు. గుండెజబ్బు అలాంటిది కాదు. అది మర్యాదస్తుల జబ్బు. పేరున్నవాళ్ళు పోయినప్పుడు పేపరు తీసి చూడండి, గుండె ఆగి పోయారనే రాస్తారు. విరేచనాలు పట్టుకుని పోయిన పెద్దమనిషిని మీరు పేపర్లో ఎప్పుడైనా చూశారా?

నేనిది ఊహించి చెప్పడం లేదు. ఎనిమిది నెలలపాటు గజపతినగరంలో గుండెజబ్బు మనిషిగా బతికాను. యాభై ఏళ్ళ నా జీవితంలో అంత సుఖం ఇంకెన్నడూ ఎరగను.

అంతకుముందు నేనెవణ్ణి? సమితి బడిలో నాలుగో తరగతికి పాఠాలు చెప్పే జగన్నాధం మేస్టారిని. బస్సులో నేను కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే, నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే కిటికీ పక్క సీట్లో కూర్చుని కొండలు చూసేవాడు. ఇంట్లో సంగతి చెప్పనక్కరలేదు. మా ఆవిడ దాలమ్మ నాకు మేనమామ కూతురు. నేను జారుడుబల్ల మీంచి పడి ఏడ్చిన రోజులు కూడా ఆవిడకి గుర్తే. అలాంటి మనిషి దగ్గర మొగుడు ఎంతని బిగిసి కూర్చోగలడు?

ఈ దశలో కిందటేడు వినాయక చవితి వచ్చింది. కుడుములూ, ఉండ్రాళ్ళూ, పులిహోరా శాస్త్రోక్తంగా సేవించి నడుం వాల్చానో లేదో, రొమ్ము మధ్య ఎవరో మోకాలు వేసి నొక్కినట్టయింది. చెమటలు పట్టాయి. మర్నాడు పొద్దున్నే డాక్టరు డేవిడ్‌రాజు దగ్గరికి పరిగెత్తాను. అవును, పరిగెత్తాను! ఆ పరుగే నా గుండె సంగతి చెప్పకనే చెప్పింది గాని, నాకు తట్టలేదు.

డేవిడ్‌రాజు మిషను బడిలో చదువుకుని పైకొచ్చిన మనిషి. నాకు తెలిసి ఆయనలో ఒకటే లోపం, ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడు. గొట్టం పెట్టి విన్నాడు, వీపు మీద తట్టాడు, కాగితం మీద గుండె బొమ్మ గీశాడు.

"గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది మేస్టారూ. మరి దానికీ రక్తం కావాలి కదా? దానికోసం రెండు చిన్న కాలవలుంటాయి. వాటిల్లో పూడిక పడితే, పనెక్కువైనప్పుడు దాని వాటా దానికి అందదు. అప్పుడు నొప్పి చేస్తుంది. ఆంజైనా అంటారు. మీది అది కావచ్చు, కాకపోనూవచ్చు. విశాఖపట్నం వెళ్ళి ఈసీజీ తీయించుకోండి."

ఇన్ని మాటల్లో నాకు వినపడింది 'ఆంజైనా' ఒక్కటే. 'కావచ్చు' నేను ఆయన వీధి మెట్లు దిగేలోగా రాలిపోయింది. 'కాకపోనూవచ్చు'ని గుమ్మంలోనే వదిలేసి వచ్చాను. ఈసీజీని మాత్రం వాయిదా వేశాను, తీరిక చూసుకుని వెళ్దామని.

ఈలోగా నడిచినప్పుడు నొప్పి వస్తే నాలిక కింద పెట్టుకోమని ఒక చిన్న గోధుమరంగు సీసా ఇచ్చాడు. లోపల ఆవగింజకి అన్నల్లాంటి మాత్రలు. నమలకూడదు, మింగకూడదు. మా బావమరిది ఎర్రన్న గరివిడి వైపు మాంగనీసు గనిలో రాయి పేల్చే పని చేస్తాడు. సీసా మీది పేరు కూడబలుక్కుని చదివి రెండడుగులు వెనక్కి వేశాడు. నైట్రోగ్లిసరిన్! వాళ్ళు గనిలో కన్నం పెట్టి కూరే మందులో ఉండేది అదేనట. మందుకీ మందుకీ మాటలో తేడా లేని భాష కదా మనది. మా ఇంట్లో ఆ రోజంతా సీసాని ఎవరూ ముట్టుకోలేదు. నాకు మాత్రం ఛాతీ మరో రెండంగుళాలు పెరిగింది. కొండల్ని పేల్చే మందుని నాలిక కింద పెట్టుకుని తిరిగే మొనగాడు గజపతినగరంలో ఇంకెవడున్నాడు?

కాని అసలు వైభవం జగ్గమ్మ నోటిమీదుగా వచ్చింది.

జగ్గమ్మ మా వీధిలో పెద్దావిడ. ఊళ్ళో ఎవరికేం జబ్బు చేసినా ముందు ఆవిడకి తెలుస్తుంది, ఆ తర్వాతే జబ్బుపడ్డవాళ్ళకి. నాకొచ్చిన జబ్బు పేరు దాలమ్మ చెప్పగానే ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"ఆంజినేయసామే దాలీ! రొమ్ము సీల్సి రాముణ్ణి సూపించినోడు ఆయనే గదే. ఆ సామే వచ్చి నీ మొగుడి గుండెల్లో కూకున్నాడు."

సాయంత్రానికి వీధంతా, మర్నాటికి ఊరంతా పాకింది. మేస్టారికి ఆంజనేయ జబ్బు! మరి నేను దిద్దానా? ఒక్క దీర్ఘం తగ్గితే ఎర్ర సిరా కలం తీసేవాణ్ణి కదా? దిద్దలేదు. వరమిచ్చిన దేవుడికి అక్షరదోషాలు చూపించడం ఏం మర్యాద చెప్పండి!

అప్పణ్ణుంచీ బస్సెక్కితే ముగ్గురు లేచేవారు. పేరంటం వాళ్ళింట్లో కూడా నాకు కుర్చీ వేసేవారు. డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు బడి తనిఖీకి వచ్చి, నా క్లాసులో ఒక్కడికీ పదమూడో ఎక్కం రాదని కనిపెట్టి గొంతు సవరించుకున్నారు. మా హెడ్మాస్టరు నరసింగరావుగారు ఆయన చెవిలో ఏదో ఊదారు. వెంటనే ఆయన కళ్ళజోడు తీసి, మీరు కూర్చోండి మేస్టారూ అన్నారు. పదమూడో ఎక్కాన్ని దాటించిన జబ్బుని జబ్బంటారా, పెద్దకొడుకంటారా?

ఇక వాదనలు. రచ్చబండ దగ్గర వియత్నాం గురించో వానల గురించో వాదిస్తూ నేను ఓడిపోయే ఘడియ వస్తే, నా ఎడంచెయ్యి మెల్లగా రొమ్ము మీదికి వెళ్ళేది. అవతలివాడు అక్కడికక్కడే ఓడిపోయేవాడు. జేబులో సీసాని ఒకసారి గలగలమనిపిస్తే ఇంకో వారం దాకా నా జోలికి వచ్చేవాడు కాదు.

ఆడపిల్లలిద్దరూ అత్తవారిళ్ళకి వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే. నూతిలో నీళ్ళు తోడడం మానేశాను. గొడ్డలి ముట్టుకోవడం మానేశాను. చేతిలో పుస్తకం జారి కింద పడితే వంగడం కూడా మానేశాను, దాలమ్మ వచ్చి తీసి ఇచ్చేది. పరామర్శకి జనం వచ్చినప్పుడల్లా పక్కింటి నుంచి కుర్చీలు మోసుకొచ్చి వేసేది కూడా ఆవిడే.

స్వామివారి జబ్బు కాబట్టి స్వామివారికి మొక్కు ఉండాలి కదా? మంగళవారం మంగళవారం నూట ఎనిమిది గారెల దండ వెయ్యాలని జగ్గమ్మ తీర్మానించింది. దాలమ్మ తెల్లారుతూనే రుబ్బురోలు ముందు కూర్చుని మినప్పిండి రుబ్బేది. స్వామి మెడలో వేసిన దండ ఇంటికి వచ్చాక, వీధికి పంచగా మిగిలినవి నేను ఆరగించేవాణ్ణి. నూనె వస్తువులు తగ్గించమని డేవిడ్‌రాజు చెప్పిన మాట నిజమే. కాని ప్రసాదంలో నూనె ఉంటుందా? మంగళవారం మధ్యాహ్నం పాతిక గారెలు. మంగళవారం సాయంత్రం రొమ్ములో నొప్పి. నొప్పి వచ్చిందంటే జబ్బు ముదురుతోందన్నమాట. జబ్బు ముదిరిందంటే పై మంగళవారం ఇంకాస్త పప్పు నానబోయాలన్నమాట. ఈ లెక్కలో తప్పెక్కడుందో నాలుగో తరగతి పిల్లాడైనా చెబుతాడు. వాళ్ళ మేస్టారు చెప్పలేకపోయాడు.

ఇక్కడ మా ఆవిడకి సంబంధించిన చిన్న ముచ్చట ఒకటుంది. పెద్దగా చెప్పుకోదగ్గది కాదు గాని, వరసలో వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

రుబ్బుతూ రుబ్బుతూ ఆవిడ ఒక్కోసారి ఆగిపోయేది. పిండి చేతినే పిడికిలి బిగించి రొమ్ముకి ఆనించుకునేది. ఎడం దవడ లాగుతోందనేది. నీళ్ళ బిందె ఎత్తుకుని వస్తూ మధ్యలో దించి నిలబడేది. ఏమయిందే అంటే ఆవిడ జవాబు ఒకటే, వాయువు.

వాయువని ఆవిడే అన్నాక మనం కాదనడమెందుకు? అయినా అడగాల్సిన చోట అడిగింది పాపం. "నాకూ రొమ్ములో పట్టేత్తన్నాది పెద్దమ్మా, ఇదేటి, ఆయనకొచ్చిందేనేటి?" అని జగ్గమ్మని అడిగింది. జగ్గమ్మ చెంపలు వేసుకుంది.

"తప్పే దాలీ. ఆంజినేయసామి బెమ్మచారి. ఆడదాని ఒంట్లో ఆయనెందుకుంటాడు? నీది వొట్టి వాయువు. వాము నవులు."

నేను అక్కడే వాలుకుర్చీలో ఉన్నాను. నవ్వాను కూడా. ఆంజైనాకి బ్రహ్మచర్యం ఏమిటని ఒక్క ముక్క అనొచ్చు కదా? అంటే నా స్వామి ఏమవుతాడు? దాలమ్మ వాము నమిలింది. వామే గాక, వాయువుకి మంచిదని రోజుకి ఇంకో చుట్ట ఎక్కువ కాల్చింది. మా వైపు ఆడవాళ్ళందరి మాదిరే అడ్డచుట్ట, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. చేతులు రెండూ రోటికి అప్పగించి, నోట్లో నిప్పు దాచుకుని, నా ఆరోగ్యం కోసం పిండి రుబ్బింది.

డేవిడ్‌రాజు ఎదురుపడినప్పుడల్లా, విశాఖపట్నం వెళ్ళారా మేస్టారూ అని అడిగేవాడు. వానలండీ అన్నాను. తర్వాత పరీక్షలండీ అన్నాను. ఆ తర్వాత శూన్యమాసమండీ అంటే, క్రైస్తవుడు కదా, ఏమీ అనలేక ఊరుకున్నాడు. అసలు భయం మీకు చెబుతాను, ఎవరితో అనకండి. ఆ యంత్రం నా గుండెలో ఏమీ లేదని కాగితం ఇచ్చేస్తే? ముగ్గురు లేచి సీటిచ్చే ఈ బతుకంతా ఆ ఒక్క కాగితం లాగేసుకుంటే? జబ్బుందేమోనని భయపడేవాళ్ళని చూసుంటారు. లేదేమోనని భయపడ్డవాణ్ణి నన్నే చూస్తున్నారు.

చివరికి నన్ను కదిలించింది బదిలీ. నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళాల్సిన కొండకింద ఊరి బడికి నన్ను వేస్తున్నారని వేసవి సెలవుల్లో తెలిసింది. గుండెజబ్బుకి పెద్దాసుపత్రి కాగితం ఉంటే ఆపుతామన్నారు. ఇంకేం, బయల్దేరాం!

పాసెంజరులో విజయనగరం దిగి, వాల్తేరు బండి కోసం వంతెన మీదుగా అవతలి ప్లాటుఫారానికి వెళ్ళాలి. గుండెజబ్బు మనిషిని కాబట్టి నా చేతిలో చేతికర్ర మాత్రమే. సంచీ, పరుపుచుట్ట, మంచినీళ్ళ కూజా దాలమ్మ దగ్గర. సగం మెట్లెక్కాక, "ఓపాలి ఆగు బావా" అంది. ఆగాను. ఇంకో పది మెట్లెక్కాక మళ్ళీ ఆగింది. పైకెళ్ళేలోగా మూడుసార్లు ఆగింది.

నా గుండె కోసం ఎంత జాగ్రత్త! నా కళ్ళు చెమర్చాయి. ఇలాంటి ఇల్లాలు దొరకడం పూర్వజన్మ సుకృతమని, వంతెన మీద నిలబడి, పక్కనున్న పెద్దమనిషితో కూడా అన్నాను.

విశాఖపట్నం ఆసుపత్రిలో నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళకీ చేతులకీ చల్లటి జిగురు రాసి రేకులు కట్టారు. యంత్రం కిర్రుమంటూ రిబ్బనులాంటి కాగితం కక్కింది. డాక్టరు లీలారాణి అని, మా రెండో అమ్మాయి వయసుంటుంది, ఆ కాగితం అటూ ఇటూ లాగి చూసింది.

"నొప్పి ఎప్పుడొస్తుంది మాస్టారూ?"

"తిని పడుకున్నాక."

"నడిస్తే?"

"నాకు గుండెజబ్బు కదమ్మా, నడవను."

ఆ అమ్మాయి పెదవి కొరుక్కుని కాసేపు కాగితం వెనక్కి వెళ్ళింది. తర్వాత నేనేం తింటానో, ఏ వారం తింటానో అంతా అడిగి తెలుసుకుంది. గారెల సంఖ్య దగ్గర రెండోసారి అడిగింది, సరిగా వినపడలేదేమోనని.

"మీ గుండె శుభ్రంగా ఉంది. మీది వాయువు" అంది.

జేబులో సీసా చూపించి ఇంకోసారి తీయమన్నాను. యంత్రం కొత్తదేమో అన్నాను. పాతదేనంది. బదిలీ సంగతి చెప్పి, కాగితంలో ఎక్కడైనా ఒక చిన్న వంకర వెతికి పెట్టమని బతిమాలాను. నేనలా బేరమాడుతూ ఉండగా ఆ అమ్మాయి చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది.

దాలమ్మ గోడకి జేరబడి నేలమీద కూర్చుని ఉంది. కూజా ఒళ్ళోనే ఉంది. పిడికిలి రొమ్ము మీద ఉంది. మొహం నిండా చెమట.

"ఏమయిందమ్మా?"

"ఏటీ నేదు తల్లీ. వాయువు. మేడమెట్లెక్కితే వస్తాది, కూకుంటే పోతాది. నువ్వు ఆయన్ని సూడు."

లీలారాణి నావైపు చెయ్యి చాపింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. నా జేబులో సీసా అట. ఎనిమిది నెలలు నేను గలగలలాడించిన సీసా. ఒక్క మాత్ర తీసి దాలమ్మ నోటి దగ్గర పెట్టింది. దాలమ్మ పెదాలు బిగించుకుంది.

"మా ఎర్రన్న గనిలో పేల్సే మందు తల్లీ ఇది. నేను నోట్లో నిప్పెట్టుకునే దాన్ని. పేల్తాది."

"పేలదమ్మా. ఇప్పుడు నోట్లో నిప్పు లేదు కదా. ఇక మీదట పెట్టుకోవద్దు."

మాత్ర నాలిక కిందికి వెళ్ళింది. గోడ మీద గడియారం ఉంది. రెండు నిమిషాలు, మూడో నిమిషంలో కొంత. ఆ కాసేపూ నా చెయ్యి నా రొమ్ము మీదికి వెళ్ళలేదు. భయమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. అంతవరకూ నేను పడ్డది భయం కాదు, నాటకం. దాలమ్మ పిడికిలి మెల్లగా విడింది. "వొగ్గేసింది తల్లీ" అని ఆశ్చర్యంగా మా ఇద్దరివైపూ చూసింది.

ఆవిడనీ బల్ల మీద పడుకోబెట్టారు. రెండో కాగితం వచ్చింది. రెంటినీ పక్కపక్కన పరిచి లీలారాణి నాకు చూపించింది. నాది కాపీబుక్కు మీద మంచి పిల్లాడు రాసిన రాతలా గీత మీద గీత. దాలమ్మ గీత గుండె కొట్టుకున్న ప్రతిసారీ కిందికి దిగిపోయి ఉంది. గుండెకి దాని రక్తం దానికి అందడంలేదట. డేవిడ్‌రాజు గీసిన బొమ్మ గుర్తొచ్చింది. అందరికీ పంపేదానికి తన వాటా అందని జబ్బు! మా ఇంట్లో అలాంటి మనిషి ఎవరో కనుక్కోవడానికి యంత్రం కావాలా?

ఎన్నాళ్ళనుంచీ ఇలా ఉందని అడిగింది లీలారాణి.

"ఈరికంటే ముందునుంచే తల్లీ. చవితికి ముందు, ఆషాఢంలో. సెప్దామనుకున్నాను. ఇంతలో ఈరికి వచ్చింది. ఇంటికి ఒకలి జబ్బు సాల్దా?"

లీలారాణి ఆ నెల పేరు కూడా కాగితం మీద రాసుకుంది.

మొత్తానికి లెక్క తేలింది. దాలమ్మ గుండెలో ఉన్నది కొడుకు, నా పొట్టలో ఉన్నది తండ్రి. జగ్గమ్మ ఆ వంశం పేరు సరిగ్గానే చెప్పింది, ఇళ్ళు తారుమారు చేసింది. ఎనిమిది నెలలు మేమిద్దరం ఒకరి జబ్బు ఒకరం మోశాం. అబ్బే, నేనేం మోశాను? కూజా కూడా ఆవిడే మోసింది.

దాలమ్మని పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. బరువు ఎత్తకూడదు, రుబ్బకూడదు, చుట్ట ముట్టకూడదు. డేవిడ్‌రాజు వెయ్యిసార్లు చెప్పినా మానని చుట్టని దాలమ్మ ఒక్కరోజులో మానేసింది. డాక్టరమ్మ మాట మీద కాదు. నాలిక కింద గనిమందు పెట్టుకునే మనిషికి నిప్పుతో సరసమేమిటని! ఎర్రన్న వచ్చినప్పుడల్లా ఇంట్లో అగ్గిపెట్టెలు లెక్కచూసి మరీ వెళుతున్నాడు.

ఇక గుండెజబ్బు మా ఇంట్లోనే ఉంది కదా, వైభవం కూడా ఉండాలి కదా? అక్కడే తిరకాసు వచ్చింది.

దాలమ్మ బస్సెక్కితే ఎవరూ లేవలేదు. జగ్గమ్మ అసలు నమ్మనే లేదు. కుర్ర డాక్టరు కాగితాలు తారుమారు చేసేసిందని తేల్చింది. వీధిలోవాళ్ళు పరామర్శకి వచ్చారు, నన్ను పరామర్శించడానికి. గుండెజబ్బు మనిషివి, నీళ్ళు మోయాల్సిన ఖర్మ పట్టిందా మేస్టారూ అని కళ్ళు తుడుచుకున్నారు. మగాడు కావిడి మోస్తుంటే అరుగు మీద కూర్చున్న ఆడదాన్ని వచ్చేపోయేవాళ్ళు ఒక చూపు చూసి వెళ్ళారు. ఆ చూపు పడలేక, ఎవరైనా వస్తే దాలమ్మ లేచి నిలబడి ఏదో పని చేస్తున్నట్టు చీపురు పట్టుకుంటోంది. నాది వాయువేనని చెప్పేయి బావా, జనం నవ్వుతున్నారు అని నన్ను రెండుసార్లు అడిగింది.

అన్నట్టు, నా బదిలీ ఆగిపోయింది. ఇంటావిడకి గుండెజబ్బని ఆవిడ కాగితం చూపించి ఆపించుకున్నాను. చూశారా! జబ్బు ఆవిడది, లాభం నాది. గుండెజబ్బంత మేలైనది ఇంకోటి లేదని మొదటే చెప్పాను. ఇంట్లో ఎవరికి వచ్చినా సరే, ఫలం మాత్రం మగాడికే దక్కుతుంది.

కాని మొదట అన్న మాట ఒకటి దిద్దుకోవాలి, ఎర్ర సిరాతోనే. ప్రతి ఇంటికీ ఒక గుండెజబ్బు ఉండి తీరాలన్నాను. ఉండాలని కోరుకోనక్కరలేదు, చాలా ఇళ్ళలో ఈపాటికే ఉండి ఉంటుంది. మీ ఇంట్లో ఉందో లేదో చూడాలంటే కుర్చీలో కూర్చుని రొమ్ము మీద చెయ్యి వేసుకున్నవాణ్ణి చూడకండి. ఆ కుర్చీ మోసుకొచ్చి వేసిన మనిషిని చూడండి.

నిన్న సాయంత్రం దాలమ్మ పెరటి మెట్లెక్కుతూ రెండో మెట్టు మీద ఆగింది. వాయువు బావా, అంది. ఈసారి నా కోసం ఆగిందనుకోలేదు. సీసా తీసుకుని వెళ్ళాను.